బొంగరం వదిన, పొలుసులు రాలిన చేప

గోడమీది ఫొటోలు చూపించి ఇదెవరు, అదెవరని నా ప్రాణం తోడేస్తారు గానీ, ఒక్కళ్ళన్నా మా వదిన గురించి అడిగారా? మీ చిన్నప్పటి తళుకుల బట్టలు ఎవరు కుట్టారనుకున్నారు, ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? నోరు మూసుకుని వినండి.

వదినని అందరూ బొంగరం అనేవాళ్ళు. ఆమెకంటే కాలు గాలిన పిల్లి నయం. నాటకాలవాళ్ళ దుస్తులకి చెమ్కీలు కుట్టడం ఆమె పని. కూర్చున్నా కాలు ఆడాల్సిందే, దాంతోపాటు నోరూ ఆడాల్సిందే. ఇల్లంతా చెమ్కీలే. దిండుమీద చెమ్కీ, అన్నంలో చెమ్కీ, మా అన్న చెవిలో చెమ్కీ.

ఆ అన్న జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కదలకూడదన్నారు. మంచానికి ఎదురుగా గాజుతొట్టి, అందులో ఆయన ముద్దుగా పెంచుకున్న బంగారు చేప. అది గాజు దగ్గరికొచ్చి నోరు తెరిస్తేగాని తను ముద్ద ముట్టేవాడు కాదు. దానికేమన్నా అయితే ఈయన తిండి మానేస్తాడని వదిన భయం.

ఒకరోజు తొట్టి అడుగున ఏదో మెరిసింది. చెమ్కీ ఎగిరిపడిందనుకుని వదిన చెయ్యిపెట్టి తీసేసింది. మర్నాడు ఇంకోటి. తీసే వంకతో రాళ్ళు సర్దింది, తొట్టిలోని శంఖాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. చేప బెదిరిపోయి దానికేసి కొట్టుకునేది. చివరికి ఓ మెరుపుని బట్టకి కుడదామని సూది గుచ్చబోతే దానికి చిల్లు లేదు. చెమ్కీకి నడుమ చిల్లుండాలి కదా! తలెత్తి చూస్తే చేపకి ఓ పక్క పొలుసులూడి బోడిగా ఉంది.

ఇంక ఆగుతుందా? వలేసి పట్టింది, చూసింది, వదిలింది. పొయ్యిమీద గిన్నె పెట్టొచ్చి మళ్ళీ పట్టింది. నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పోసింది. అది ఓ మూల నక్కింది. అన్న ముద్ద ముట్టలేదు. పరుగున పోయి కుర్చీల దుకాణం పక్కన పెంపుడు చేపలమ్మే ఆయన్ని లాక్కొచ్చింది.

"పొలుసు ఊడితే మళ్ళీ వస్తుంది పిన్నీ," అన్నాడతను. "కింద చర్మం పుండు పడకూడదు, అంతే. ఎర్రబడినా, దూదిలాంటి బూజు పట్టినా పిలవండి. ఈ శంఖం అంచు కత్తిలా ఉంది, తీసెయ్యండి. నీళ్ళు కొంచెం కొంచెమే మార్చండి. ఉప్పు నేను కొలిచిస్తా."

"నేను పట్టి చూస్తూనే ఉన్నా కదయ్యా!"

అతను వల ఎత్తి చూపించాడు. దాని ముడుల మధ్య ఇరుక్కున్న పొలుసులు.

మంచంమీంచి అన్న అన్నాడు, "దానికీ నాకూ ఒకటే రోగమయ్యా. మా ఆవిడ చెయ్యి."

వదినకి ఒళ్ళు మండింది. "అదీ కదలదు, మీరూ కదలరు. చేతులు ముడుచుకుని ఇద్దరూ పోతుంటే చూడమంటారా?"

"చూడు. ఊరికే కూర్చుని చూడవే. రోజంతా నేను చేసేది అదేగా."

వల అతని చేతిలోనే పెట్టి పంపేసింది. ఇంట్లో ఉంటే వాడుతుందని ఆమెకే తెలుసు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, కాలు మాత్రం టకటక ఆడుతూనే ఉంది. బోడి జాగా ఓ పూట ఎర్రగా కనపడ్డట్టయితే లేచింది, తొట్టి మూతదాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. కిటికీలో వెలుగు అలా పడిందంతే. అన్న పగలబడి నవ్వాడు, తిట్టింది.

కొన్నాళ్ళకి అక్కడ అద్దంలా పల్చటి పొలుసులు మొలిచాయి, వరస తప్పి.

"ఇదేం కుట్టు? నేనైతే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని," అంది.

"ముట్టుకున్నావో!" అన్నాడు అన్న, నోట్లో ముద్దతో.

తర్వాత అన్న కర్ర పట్టుకుని నడిచాడు. చేప చాలాకాలం బతికింది. వదిన మాత్రం రోజూ కాసేపు చేతులు తొడల కింద పెట్టుకుని ఆ తొట్టి ముందు కూర్చునేది, కాలు ఆడిస్తూ. అరవై ఎనిమిదేళ్ళకి పోయింది.