ఆళ్లగడ్డ శిల్పి ముందుగది

నంద్యాలలో ఆదాయపన్ను ఇన్‌స్పెక్టరుగా నాకది రెండో ఏడు. కేసులన్నీ కంప్యూటర్లోనే తేలిపోయే రోజులు ఇంకా రాలేదు. జనవరిలో ఒక ఉదయం మా ఐటీవో గారు, అంటే పన్ను తేల్చి ఉత్తర్వు రాసే అధికారి, ఒక ఫైలు ఇచ్చి ఆళ్లగడ్డ వెళ్లి చూసి రమ్మన్నారు.

ఆ ఫైలు నాగలింగాచారి అనే శిల్పిది. ఇంటి ముందుగదే తన ఆఫీసూ పనిచోటూ అని చూపి, ఇంటి ఖర్చుల్లో మూడో వంతు ఆదాయంలోంచి తగ్గించుకున్నాడు. సొంతిల్లు కాబట్టి అద్దె రాసుకోవడానికి లేదు. మరమ్మతులు, కరెంటు, తరుగుదల మాత్రం పనికి వాడిన భాగం మేరకు తీసేయొచ్చు. నిజంగా వాడుతున్నాడా అన్నది నేను తేల్చాలి. టేపు, నోటుబుక్కు, కావలసినంత అనుమానం వెంటబెట్టుకుని బస్సెక్కాను.

గడప దగ్గర ఆయన తల్లి సుబ్బమ్మవ్వ ఎదురైంది. "చెప్పులు ఆడ ఇడిసిరా నాయనా, అది సామి గది" అంది. నేనెవరో చెప్పుకోకముందే కేసు తేలిపోయిందని మురిసిపోయాను. లోపల వినాయకుడికి బొట్టు, పూలు, ముందర దీపం. నోటుబుక్కులో 'పూజగది' అని రాసి కింద గీత కూడా గీశాను.

పెరట్లోంచి వచ్చిన ఆచారి సంగతి విని తల పట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివమ్మా!" అని తల్లిని కసిరి నా వైపు తిరిగాడు. జరిమానా అయితే కట్టుకుంటా సార్, దొంగలెక్క రాసినోడని పేరొస్తే గుడి కమిటీలోళ్లు నాకింక పని ఇస్తారా అన్నాడు. పాపం అనిపించింది గానీ, రాసింది కొట్టేయడానికి మనసొప్పలేదు.

కొలతలైనా తీద్దామని టేపు లాగితే, గది మధ్యలో ఆంజనేయుడి విగ్రహం వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. దాటడానికి కాలాడక చుట్టూ తిరుగుతున్నాను. "ఉలితో కళ్లు తెరిచేదాకా అది రాయే సార్" అని, ఆచారి తటాలున ఆ రాతి ఛాతీ మీదికెక్కి కూర్చుని చెవి చెక్కడం మొదలుపెట్టాడు. మధ్యలో ఫోనొస్తే కిందికి దిగకుండానే వెలుగోడు గుడివాళ్లతో ఒక నంది కొలతలు మాట్లాడుకున్నాడు.

అవ్వ కొడుకును తిట్టిపోస్తుందేమోనని చూశాను. ఆమె దీపానికి చెయ్యి అడ్డంపెట్టి, "ఉలి ఆడినంతసేపు రాయి, ఆపినాక సామి. దీంట్లో నీకు తెలీందేందప్పా?" అంది. ఉన్నమాటే! అప్పుడు చూశాను, దీపంలో నూనె మీద రాతిపొడి తెట్టెలా తేలుతోంది. పూలమీదా అదే పొడి. నా చొక్కా మీదా అదే.

రాసిన మాట కొట్టేసి 'పనిచోటు' అని రాశాను. దీపం పెట్టే మూలను మాత్రం, మూడడుగులు రెండడుగులు, కొలతలోంచి తీసేశాను. ఆ సంగతి చెబితే అవ్వ మూతి ముడుచుకుంది. ఐటీవో గారు పడీపడీ నవ్వి, మిగతా గదికి ఖర్చు ఒప్పుకున్నారు.

గది పేరు ఇంట్లోవాళ్ల మాట విని రాసుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా ముందు ఒక గంట ఊరకే కూర్చునేవాణ్ని. కొన్ని ఆఫీసు గదుల్లో ఆ గంటసేపూ మంచం మీది మనిషి పక్కకు ఒత్తిగిలడం తప్ప ఏ పనీ జరగలేదు. వాటి ఖర్చు కొట్టేయమని రాశాను.