ఈపు మీద కాలు

నేను ఎదురుకాళ్లతోటి పుట్టిన. అందరు తలతోటి భూమ్మీదికి వస్తరు, నేను పాదాలతోటి వచ్చిన. అట్ల పుట్టినోళ్లు కాలు పెడితే నడుము నొప్పి పోతదని మా దిక్కు నమ్ముతరు. నాకు ఊహ తెలిసినకాడి నుంచి పొద్దుగాల మా వాకిట్ల ఎవరో ఒకరు బోర్ల పండుకొని ఉండేటోళ్లు. ముఖం కడగకముందే, నన్ను కన్న మా అవ్వ నన్ను లేపి, రెక్క పట్టుకొని తీసుకపోయి, "ఎడమ కాలు పెట్టు" అంటుండె. పెట్టి, మెల్లగ ఒత్తి, తీసేదాన్ని. వాళ్లు లేచి నా తల మీద చెయ్యి పెట్టి పోతుండిరి. కొందరు బెల్లం ముక్క తెస్తుండిరి.

అరికాలుకు ఒక్కొక్క ఈపు ఒక్కొక్క తీరుగ తెలిసేది. నాట్లేసే ఆడోళ్ల ఈపు బిర్రుగ ఉంటుండె. సంచులు మోసేటోళ్లది పీట లెక్క గట్టిగుంటుండె. ఎట్లున్నా అన్నీ ఎచ్చగనే ఉండేవి, ఒక్కటి తప్ప.

ఎడ్లబండి తోలే ఒక ముసలాయన చలికాలం పొద్దున వచ్చి గడప ముంగట పండుకున్నడు. నేను కాలు పెట్టిన. కాలు కింద మనిషి లేనట్టయింది. తడి గోడకు పాదం ఆనిచ్చినట్టు సల్లగున్నది. ఆయన ఊపిరి తీసుకునుడు నాకు వినపడుతుంది గని, ఆ ఊపిరికి ఈపు కదులుత లేదు. "అవ్వా, ఈ తాత ఈపు సల్లగున్నది" అన్న. మా అవ్వ నా రెక్క గట్టిగ పిసికింది. ఆయన ఏం అనుకోలే. లేచి కండువా దులుపుకొని, "హాయిగున్నది బిడ్డా" అని పోయిండు. వారం తిరగకముందే ఆయన చనిపోయిండని ఎవరో వచ్చి చెప్పిన్రు.

మా అవ్వ ఆ తర్వాత ఎవరినీ రానియ్యలే. "పిల్లకు పెయ్యి మంచిగ లేదు" అని వాకిట్లకెల్లే మర్లగొట్టేది. కొన్నాళ్లకు జనం మరిచిపోయిన్రు. పెండ్లయినంక నా మొగనికి గూడ నేను ఈ సంగతి చెప్పలే.

మా ఆయన సిద్దిపేటల బియ్యం మిల్లుల పనిచేసేటోడు. తొంబైలు మొదలైనంక, బట్టల యాపారం చేసే ఒక కుటుంబమోళ్లు బజార్ల మూడంతస్తుల బిల్డింగు కట్టిన్రు. కింద వాళ్ల దుకాణం, మీద కిరాయికిచ్చిన ఆఫీసులు. ముందు దిక్కంత అద్దాలు. అప్పటికి మా ఊర్ల అన్ని అద్దాలున్న బిల్డింగు నేను చూడలే. కొమురెల్లి మల్లన్న కాడికి పోయేటోళ్లు నడుమల బస్సు దిగి, దాని ముంగట నిలబడి తలలు దువ్వుకుంటుండిరి. ఆ అద్దాలు తుడిచే పని నాకు దొరికింది.

లోపటి దిక్కు తుడుసుడు అలకనే. బయటి దిక్కే కష్టం. కిటికీ పక్క తలుపు తీసి, సజ్జ మీదికి దిగి, ఒక చేత్తో చువ్వ పట్టుకొని ఇంకో చేత్తో అందినంత దూరం తుడవాలె. బొక్కెన కాళ్లకాడ ఉంటది. వంగి బట్ట ముంచి, పిండి, మడిమెలు లేపి పై అంచుదాక సాగాలె. మళ్ల వంగాలె. సజ్జ సన్నగ ఉంటది గనుక కాళ్లు తిప్పే జాగ లేదు, నడుమే తిప్పాలె. ఆఖరుకు పాత పేపరుతోటి రుద్దితే అద్దం కీచుమంటది. అప్పుడు పని అయినట్టు.

బయటికెల్లి చూస్తే ఆ అద్దంల ముందు ఆకాశం కనపడుతది, తర్వాత నా ముఖం, ఆ ముఖంలకెల్లి లోపట కూసున్నోళ్లు. వాళ్లు నా కండ్లల్లకెల్లి నడిచి, నా చెంపల కాడ కుర్సీల కూసుంటుండిరి. మొదట్ల నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత చూడబుద్ధి కాకపోయేది.

నొప్పి ఒక్కసారి రాలే. పొద్దుగాల లేస్తే నడుము కట్టె లెక్క ఉంటుండె, పొయ్యి ముట్టిచ్చేసరికి వదులయ్యేది. పని చేస్తే పోతది అనుకున్న. ఆ రోజులల్లనే ఒక అద్దంల నా బొమ్మ వంకరగ కనపడ్డది. నేను సక్కగ నిలబడ్డ. అద్దంల మనిషి మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉన్నది, ఎవరో చెవిల ఏదో చెప్తుంటే ఇనేదాని లెక్క. అద్దం మంచిగ తుడవలేదేమో అనుకొని మళ్ల తుడిచిన. పక్క అద్దం కాడికి పోయిన. అండ్ల గూడ అట్లనే ఒరిగి ఉన్నది. కింద దుకాణంల చీరలు చూసుకునే నిలువుటద్దం కాడికి పోయి నిలబడ్డ. అండ్ల గూడ అంతే.

బట్టల దుకాణం సేటు భార్య గల్లా కాడికెల్లి చూసి, "ఏందే, అట్ల ఒంకరగ నిలబడ్డవు?" అన్నది.

"నేను సక్కగనే ఉన్న గదమ్మా."

ఆమె నన్ను కిందికెల్లి మీదిదాక చూసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు, ఎండ బాగున్న పగటిపూట, పైఅంతస్తు సజ్జ మీద బొక్కెనకు వంగిన. వంగినదాన్ని లేవలేకపోయిన. నడుముల ఏదో పట్టుకున్నది, ఇడిచిపెడ్త లేదు. ఊపిరి గుంజితే గూడ కత్తి తిరిగినట్టయితుంది. తలుపు నాలుగడుగుల దూరంల ఉన్నది, ఒక్క అడుగు ఎయ్యలేను. ముందరున్న అద్దం మీద అరచేత్తో కొట్టిన. లోపట ఆఫీసుల ఒకాయన తలెత్తి నా దిక్కు చూసిండు. నేను మళ్ల కొట్టిన. ఆయన కండ్లు నా మీదనే ఉన్నయి. తర్వాత తల వంచుకొని రాసుకునుడు మొదలుపెట్టిండు. ఇంకొకామె వచ్చి అద్దం కాడ నిలబడి, నా ముఖానికి జానెడు దూరంల కొంగు సవరించుకొని పోయింది. నేను వంగి, చెయ్యి అద్దం మీద పెట్టుకొని ఉంటే, వాళ్ల లెక్కల అద్దం తుడుస్తున్నట్టే. నేను నిజంగ ఆడ ఉన్ననా అని నాకే అనుమానం వచ్చింది.

ఎంతసేపటికో సేటు భార్య మీదికొచ్చి, "ఇంక కాలేదానే?" అనుకుంట తలుపు తీసింది. నా ముఖం చూసి ఆమెనే నా చంకల కింద చేతులేసి లోపటికి గుంజింది.

మా అవ్వకు కబురు పోయింది. అవ్వ వచ్చి నా ఈపు మీద చెయ్యి పెట్టి చూసి, "కుకునూరుపల్లి తొవ్వల ఒకామె ఉన్నదట, ఎదురుకాళ్లతోటి పుట్టిందట, పోదాం" అన్నది. ఆ మాట అనేటప్పుడు నా కండ్లల్లకు చూడలే. నీ ఈపు మీద నువ్వు కాలు పెట్టుకోలేవు గదా అన్నట్టు అనిపిచ్చింది నాకు.

బస్సుల నిలబడి పోయినం, కూసుంటే నొప్పి ఎక్కువైతుందని. ఆమెకు యాభై దాటి ఉంటయి. ఇంట్ల ఒక్కతే ఉంటది. వాకిలి సాన్పు చల్లి సక్కగ ఉన్నది. ఎక్కువ మాటల మనిషి కాదు. నన్ను గడప ముంగట బోర్ల పండబెట్టింది. చిన్నప్పుడు నేను మీదికెల్లి చూసిన జాగలనే ఇప్పుడు నేను కిందున్న. ఆమె చీర కుచ్చిళ్లు లేపుకున్న సప్పుడైంది. కాలు నా నడుము మీద ఆనింది. ఆనిందో లేదో, నిప్పు తొక్కినట్టు గుంజుకున్నది.

"ఏమైంది?" అని మా అవ్వ అడిగింది.

"నాతోని కాదు. తీస్కపోండ్రి."

"గట్లంటవేంది అక్కా, ఇంత దూరమొచ్చినం."

"తీస్కపోండ్రి అంటున్న గదా." ఆమె లోపటికి పోయి తలుపు ఏసుకున్నది.

నేను గచ్చు మీద చెంప ఆనిచ్చుకొని అట్లనే ఉన్న. ఆమెకు ఏం తెలిసిందో నాకు ఎరుకనే అనుకున్న. తడి గోడ లెక్క సల్లటి ఈపు. మా అవ్వ గూడ అదే అనుకున్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. మళ్ల బస్సుల నిలబడే ఇంటికొచ్చినం.

మా ఆయనకు ఇవేవీ తెల్వయి. "బొక్కల డాక్టరు కాడికి పోదాం" అని సర్కారు దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు నా కాళ్లు ఒకటొకటి లేపి చూసిండు. తిమ్మిర్లున్నయా, కాళ్లల్ల బలం తగ్గిందా, ఒంటికి పోతే తెలుస్తుందా అని అడిగిండు. "బొక్క ఇరగలే. నరం మీద ఒత్తుడు లేదు. నడుము కండరాలు బిగుసుకున్నయి. నువ్వు ఒరిగి ఉన్నది గూడ అందుకే, నొప్పి తగలకుండ పెయ్యి దానంతల అదే పక్కకు జరిగింది" అన్నడు. ఆయన నెమ్మదిగ, ఓపికతోటి చెప్పిండు. మంచానికి అతుక్కపోవద్దు, కొంచెం కొంచెం నడవాలె. పండుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలె. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి ఇడిచి, చేత్తో ఊతం తీసుకొని లేవాలె. మళ్ల పనికి పోయినప్పుడు బొక్కెన కింద పెట్టొద్దు, ఎత్తు మీద పెట్టుకోవాలె. వంగాల్సొస్తే నడుము కాదు, మోకాళ్లు వంచాలె. దూరం సాగుడు మానేసి అద్దానికి ఎదురుగ పోవాలె.

ఆయన చెప్పినయన్నీ చేసిన. వాయిలాకు ఏసి కాగబెట్టిన నీళ్లు పోసుకున్న. ఉప్పు ఏంచి మూటగట్టి కాపుకున్న. కాపేటప్పుడు ఉప్పు మూట ఎచ్చగ తగిలితే, నా ఈపుకు ఇంకా ఎచ్చదనం తెలుస్తుంది గదా అనుకునేదాన్ని. మా ఆయన అన్నం తింటుంటే, "నా ఈపు మీద చెయ్యి పెట్టి చూడు, సల్లగున్నదా?" అని అడుగుతుంటి. "మంచిగనే ఉన్నది. జరమేమన్న వచ్చిందా?" అంటుండె. రోజు అడిగేసరికి ఆయనకు గూడ భయం పట్టింది.

పనికి మళ్ల పోయిన. సేటు భార్య నన్ను సజ్జ మీదికి దిగనియ్యలే. తలుపుల నిలబడే బయటి దిక్కు అందేటట్టు, పొడుగు కట్టెకు రబ్బరు కట్టిన తుడుపు ఒకటి తెప్పిచ్చింది. బొక్కెన స్టూలు మీద, సగం నీళ్లే. ఒక కిటికీ అయితే ఆగి, చేతులు నడుముకు పెట్టి ఎనుకకు ఒరిగి, మళ్ల ఇంకో కిటికీ. చేతులు మార్చి మార్చి తుడిచేదాన్ని. అద్దంల మనిషి మెల్లమెల్లగ సక్కగైతుంది. చూసి సంతోషపడాలె. కని నాకు ఏమనిపిచ్చేదంటే, ఆమె బాగైతుంది, నేను కాదు. ఒక మబ్బు రోజు లోపట ట్యూబులైట్లు ఏసి ఉంటే, తుడిచిన అద్దంల నేను అసలుకే కనపడలే. కుర్సీలు కనపడుతున్నయి, ఫైళ్లు కనపడుతున్నయి, నేను ఉండాల్సిన కాడ గోడ ఉన్నది. లోపట ఎలుగెక్కువైతే అట్లనే ఉంటదని తెలుసు. తెలిసి గూడ చేతిల కట్టె కింద పడ్డది.

ఇంక ఓర్సుకోలేక, ఎవరికీ చెప్పకుండ, ఒక్కదాన్నే ఆమె కాడికి పోయిన. చచ్చిపోయేదుంటే చచ్చిపోతవని చెప్పమందాం అనుకున్న.

వాకిలి ఊడ్వక ఎన్నొద్దులైందో. పిలిస్తే లోపటికెల్లి, "ఎవరు?" అని సన్నగ వినపడ్డది. మంచంల పక్కకు ముడుచుకొని పండుకొని ఉన్నది. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"ఆ దినం కెల్లి ఇదే తీరు" అన్నది. "అసలు నువ్వెవలు బిడ్డా?"

"నీకు తెలిసింది ఏందో చెప్పు పెద్దమ్మా. నా ఈపు సల్లగున్నదా?"

"నీ ఈపుకేమైంది? నేను నీ మీద కాలు పెట్టంగనే, నా ఈపు మీద ఎవరో కాలు పెట్టిన్రు." ఆమె గొంతు తగ్గించింది. "చిన్న కాలు. పిల్ల కాలు. సల్లగుండె, మంచుల తిరిగొచ్చినట్టు. మర్లి చూస్తే ఎవరు లేరు."

నేను మంచం పక్క కూలబడ్డ. "నేను గూడ అట్లనే పుట్టిన పెద్దమ్మా, ఎదురుకాళ్లతోటి" అన్న.

ఆమె తల లేపి నన్ను చూసింది. "మీ అవ్వ చెప్పలేదేం?"

"నా నోట గూడ రాలే."

"అయితే ఆ కాలు నువ్వే పెట్టినవు, ఈ నొప్పి నువ్వే తియ్యాలె" అన్నది.

వద్దన్న. బతిమాలింది. ఆఖరుకు ఆమె రెక్క పట్టి మెల్లగ గచ్చు మీద బోర్ల పండబెట్టిన. నా ఎడమ కాలు ఆమె నడుము మీద పెట్టిన. ఎచ్చగున్నది. హమ్మయ్య అనుకునేంతల నా నడుము మీద బరువు ఆనింది. పగిలిన మడిమె, దాని గరుకు రైక కింద తోలుకు తెలుస్తుంది. నేను నిలబడి ఉన్న, అయినా పండుకున్నదాని మీద పెట్టినట్టే పెట్టిన్రు. తల తిప్పి చూసిన. వాకిట్ల ఎండ, కోడి ఒకటి గీరుకుంటుంది, అంతే. కాలు తీసిన. బరువు పోయింది.

"వచ్చిందా?" అని ఆమె కిందికెల్లి అడిగింది.

"వచ్చింది. నీ కాలే పెద్దమ్మా."

తర్వాత ఆమెకు పక్కకు తిరిగి లేచుడు చూపిచ్చిన. మోకాళ్ల కింద బొంత మడిచి పెట్టిన, ఉప్పు ఏంచి మూటగట్టి కాపిన. ఆమె నడిచేసరికి చాన రోజులు పట్టింది. నేను పనిలేని దినం పోయి కాపి వస్తుంటి. కాలుతోటి తగ్గిందో, కాపుడుతోటి తగ్గిందో మేమిద్దరం ఎన్నడు తేల్చుకోలే. నా నడుము అద్దాలు తుడిచినన్ని రోజులు అప్పుడప్పుడు పట్టేది, డాక్టరు చెప్పినట్టు ఉంటే ఇడిచేది. నా ఈపు సంగతి మా ఆయనను అడుగుడు మానేసిన.

ఒకసారి పోయేసరికి ఆమె వాకిట్ల ఇద్దరు ముగ్గురు కూసొని ఉన్నరు, నడుము నొప్పులోళ్లు. వాళ్లు పోయినంక అడిగిన, "మళ్ల కాలు పెడుతున్నవా పెద్దమ్మా? భయం లేదా?"

"పెడుత. కాపుకొమ్మని గూడ చెప్త" అన్నది. "కని ముందుగాల అడుగుత, నువ్వెట్ల పుట్టినవని. తలతోటే పుట్టినమంటరు. అన్నా గూడ, కాలు ఆనిచ్చేముందు ఒకసారి ఎనుకకు చూసుకుంట."