అందరూ మెచ్చిన చిన్న జీపు

అమెరికాలోని ఫ్రిస్కోలో మా వీధినిండా పెద్ద పెద్ద ట్రక్కులే. వాటి మధ్య నా జీపు ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేసిన బొమ్మలా ఉండేది. జపాన్‌లో పాతికేళ్లు తిరిగి ఓడెక్కి వచ్చిన రెండు తలుపుల బండి. స్టీరింగ్ కుడివైపు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది హైదరాబాద్‌లోనే కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాలేదు. బండి దిగకుండా డ్రైవ్ త్రూ కిటికీలోంచి కాఫీ అందుకోవాలంటే మాత్రం ఎడమవైపు సీట్లో మా ఆయన ఉండాల్సిందే.

"దీంతో హైవే ఎక్కుతావా?" అన్నాడు మొదటిరోజు.

"హైవేకి కాదు, మట్టిదారికి" అన్నాను.

శనివారాలు ఊరు దాటి వాగుల వెంబడి తిరిగేవాళ్లం. ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యి వేసేవారు. "ఇలాంటివి ఇక్కడ కొత్తవి ఎందుకు అమ్మరు? రేపు పెడితే రేపే కొంటాను" అనేవారు. నేను నిజమే అనుకున్నాను. కంపెనీలకే తెలివి లేదని మా ఆయనతో వాదించేదాన్ని.

మా పాప స్కూలు మారాక రోజూ హైవే తప్పలేదు. పక్కనుంచి పెద్ద లారీ వెళ్తే జీపంతా ఊగేది. ఎయిర్‌బ్యాగులు లేవు. వారం రోజులు ఓర్చుకుని అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను.

"అమ్మితే ముందు నాకే చెప్పాలి" అని రెండేళ్లుగా అంటున్న ఎదురింటాయనకే ముందు చెప్పాను. వచ్చి కూర్చున్నాడు. మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. "వెనక తగిలించుకెళ్లే నా పడవని ఇది లాగలేదు కదా" అని నొచ్చుకుంటూ దిగాడు. ఇంకొకాయన భార్య ఒప్పుకోలేదు. మరొకాయన ఫొటో తీసుకుని వెళ్లాడు, మళ్లీ రాలేదు. నెల గడిచింది. అంతమంది మెచ్చుకున్న బండిని ఒక్కరూ కొనకపోతే మనసు చిన్నబోయింది.

చివరికి తేనెటీగలు పెంచుకునే ఒకావిడ ఫోన్ చేసింది. డెబ్బై ఏళ్లుంటాయి. "మా పొలంలో నడిపి చూడాలి, అక్కడికి తెస్తావా?" అంది. తీసుకెళ్లాను. కుడివైపు కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి. గేరు కోసం కుడిచేయి చాపి తలుపుకి తగిలించుకుని పకపకా నవ్వింది. చెట్ల సందుల్లోంచి, తేనెపెట్టెల వరస పక్కనుంచి, మోకాలి లోతు వాగులోంచి నింపాదిగా అవతలికి తీసుకెళ్లింది.

"మా ట్రక్కు ఇక్కడిదాకా రాదు. పెట్టెలు మోసుకుంటూ నడవాల్సి వస్తోంది" అంది.

ఉండబట్టలేక అడిగాను: "కొత్తవి ఇక్కడ అమ్మితే జనం కొంటారంటారా?"

ఆవిడ ఇంజన్ ఆపింది. "నేను కొంటాను. మా అబ్బాయిలిద్దరూ దీన్ని చూసి ముచ్చటపడతారు. తర్వాత వెళ్లి ఇంకో పెద్ద ట్రక్కు కొనుక్కుంటారు."

ఆవిడ మాటలో వెటకారం లేదు. నాకూ కోపం రాలేదు. రోజూ హైవే మీద వెళ్లాల్సినదాన్ని, నేనూ అమ్ముకోడానికే కదా వచ్చాను. కాగితాల మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చాను. వెనకే కారులో వచ్చిన మా ఆయన గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"బాధగా ఉందా?" అన్నాడు.

"కొంచెం. కానీ మంచిచోటికే చేరింది" అన్నాను. ఆవిడ అప్పటికే వెనకసీటు మడిచి తేనెపెట్టెలు ఎక్కిస్తోంది.