అతుకుల్లో తుంగ

మా అత్తమ్మ బచ్చన్నపేట దగ్గరి పల్లెలో ఊహ తెలిసినప్పటి నుంచీ కలుపు తీసిన మనిషి. అలాంటి మనిషిని జనగామలో మా కొత్తింటికి తెచ్చుకుని, ఆమె కళ్ల ముందే వాకిట్లో గడ్డి పరిపించాను. నర్సరీ వాళ్లు చాపల్లా చుట్టలు చుట్టి తెచ్చి, ముక్క పక్కన ముక్క పెట్టి పోయారు. ఆమె మెట్ల మీద కూర్చుని అంతా చూసి, "మేం పీకి గట్టు మీద పారేసేదాన్ని బండి కట్టిచ్చి తెచ్చినవా బిడ్డా?" అంది. మా ఆయన పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మామయ్య పోయాక రెండు నెలలు ఉంటానని వచ్చింది ఆమె. రోజూ "నాకీడ ఏం పనున్నది, పోత" అనేది. పోతుందేమోనని నాకు లోపల భయం. మరిపెడలో మా అమ్మ నా పెళ్లికి ముందే చనిపోయింది. బడిలో పాఠాలు చెప్పి అలిసి వచ్చేసరికి "ఏమన్న తిన్నవా?" అని అడిగే మనిషి ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుందో నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. అయినా ఉండమని అడగడానికి నోరు రాలేదు. నాకు కోపం వచ్చినంత తొందరగా మంచి మాట రాదు.

పదిహేను రోజులు తొక్కొద్దని, రెండు పూటలా తడపాలని, అతుకుల్లో ఇసుక చల్లాలని నర్సరీ అతను చెప్పాడు. అన్నీ చేశాను. వారం తిరిగేసరికి ముక్కల అంచులు ఎండి పైకి లేచాయి. వాకిలి అతుకుల బొంతలా తయారైంది.

"ఇసుకల తడి నిలుస్తదా? చెరువు మట్టి పడాలె" అంది అత్తమ్మ. చెరువు ఎండితే పూడిక మట్టి చేలకు తోలుకోవడం మా వైపు అలవాటు. చేనికి అంతకు మించిన బలం లేదని అందరి నమ్మకం. నేను బడికి పోయిన రోజు ఊళ్లో ఉన్న మా మరిదికి ఫోన్ చేసి రెండు బస్తాలు తెప్పించింది. మట్టి పెడ్డలు చేత్తో నలిపి అతుకుల వెంట పోసింది. లేచిన అంచుల మీద పీట వేసి అదిమింది. పది రోజుల్లో ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ముచ్చటేసింది నాకు.

ఆ తర్వాత ఆ అతుకుల వెంటే, గీత గీసినట్టు తుంగ మొలిచింది. మట్టితో పాటు తుంగ గడ్డలూ వచ్చాయి. చేనైతే దున్నుకుంటారు, పచ్చికను ఎలా దున్నుతాం?

"ఎవరు పొయ్యమన్నరు అత్తమ్మా ఆ మట్టి? అంతా ఆగం చేస్తివి!" అని అరిచాను. ఆమె అన్నం సగం తిని లేచి, "నేను తెచ్చిన కలుపు నేనే తీస్త. అది అయిపోంగనే మా ఊరికి పోత" అంది.

నోరు జారాక ఏం లాభం? మర్నాటి నుంచి పొద్దున్నే నేనూ ఆమె పక్కన గొంతుకూర్చున్నాను. ఆమె పాత కత్తి మొనతో తవ్వి, గడ్డతో సహా తుంగను బయటికి తీసేది. నెల తిరిగేసరికి వరుసలు పలచబడ్డాయి. అవి పలచబడే కొద్దీ ఆమె ఊరికి పోయే రోజు దగ్గరపడింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను ఆకు మాత్రమే తెంపి గడ్డను మట్టిలోనే ఉంచడం మొదలుపెట్టాను. వారానికి మళ్లీ మొలిచేది. వానాకాలమంతా అలాగే గడిచింది.

దసరా సెలవుల్లో ఒక పొద్దున అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను తీసిన కాడ మొలుస్తలేదు. నువ్వు తీసిన కాడనే మల్ల మల్ల లేస్తున్నది. రైతు బిడ్డవు, తుంగ తీసుడు రాదా నీకు?"

నేను తెంపిన ఆకును పిడికిట్లో దాచుకున్నాను.

"ఉండుమని నోటితోని ఒక్క మాట అడుగరాదా బిడ్డా? ఇన్నొద్దులు నా నడుం ఇరగ్గొడితివి."

"ఉండు అత్తమ్మా" అన్నాను.

ఆమె కత్తి నా చేతిలో పెట్టింది.

"ఇగ గడ్డతోని తియ్యి."