బల్ల మీది బొగ్గుబాయి

దెయ్యాలను నేను నమ్మను. ఎందుకు నమ్మనంటే, మా కాలనీలో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పాత క్వార్టర్ల వెనక తెల్లచీర కట్టుకుని కూర్చునే ముసలమ్మ నాదే. సీతాఫలాలు ముదరకముందే పిల్లలు తెంపుకుపోతుంటే ఆమెను అక్కడ కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆమెను కళ్లారా చూశామనేవాళ్లు నా దగ్గరికే వచ్చి, ఆమె కాళ్లకు కడియాలున్నాయని చెబుతారు. ఆ కడియాలు నేను పెట్టలేదు.

మందమర్రిలో నాకు బోర్డులు, బండి నంబర్లు రాసే దుకాణం ఉంది. నోరు తెరిస్తే కోతలు కోస్తానని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. నోటితో మొదలుపెడితే మూడో మాటకే నవ్వుతారు. రాస్తేనన్నా చివరిదాకా చదువుతారని ఆశ.

మా చిన్నాయన కొడుకు దుబాయిలో ఒక గోదాములో పనిచేస్తాడు. ఓసారి సెలవుకు వచ్చినప్పుడు అందరికీ సబ్బులు, సెంట్లు పంచి, నా చేతిలో ఒక చిరిగిన అట్టపెట్టె పెట్టాడు. పెట్టె పాడైందని వాళ్ల గోదాములో పక్కన పడేసిన సరుకట. లోపల బూడిదరంగు ప్లాస్టిక్ సైనికులు, బొటనవేలంత ఉంటారు. చేతులు వేరు, తలలు వేరు. కత్తిరించి, అతికించి, రంగులు వేసుకోవాలి. బల్ల మీద కొండలు, గోడలు కట్టి, ఆ సైనికులను నిలబెట్టి, పాచికలు వేస్తూ, టేపుతో దూరం కొలుస్తూ యుద్ధం ఆడాలి. అక్కడ గడ్డాలు నెరిసినవాళ్లు కూడా ఆడతారని చెప్పాడు.

నాకు అది జ్వరంలా అంటుకుంది. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందు నల్లరంగు పూత. దాని మీద పలుచటి రంగులు పొరలు పొరలుగా. ఆఖరికి నీళ్లలాంటి ముదురు రంగు ఒకటి పోస్తే, అది బట్టల మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. బోర్డుల మీద ముప్పై ఏళ్లు అక్షరాలు దిద్దిన చెయ్యి కాబట్టి తొందరగానే పట్టుబడింది.

ఆడటానికి ఇద్దరు దొరికారు. ఒకడు నా బామ్మర్ది రాజేశం. బొగ్గుబాయిలో సర్దార్. బాయి అంటే మా వైపు గని. లోపల నెత్తి మీది కప్పు గట్టిగా ఉందో లేదో చూసి, మనుషులను లోపలికి పంపాలా, వెనక్కి రప్పించాలా అని చెప్పేది సర్దారే. రెండోవాడు యాకోబు. రాజేశం కిందనే, కప్పుకు ఊతాలు పెట్టే పని. ఆదివారం చర్చి నుంచి నేరుగా తెల్లచొక్కాతోనే మా ఇంటికి వచ్చేవాడు. పాచికలు వేసేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. అయినా ఎప్పుడూ ఓడిపోయేవాడు.

రూల్సు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. సగం అర్థం చేసుకున్నాను, మిగతా సగం కల్పించాను. వాళ్లకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆ పరదేశపు సైనికులంటే మాకు విసుగొచ్చింది. వాళ్ల టోపీలు చెక్కేసి బాయి హెల్మెట్లు చేశాను. హెల్మెట్ ముందర ఒక్కో ఆవగింజ అతికించి పసుపురంగు వేస్తే అది దీపం. ఒక బొమ్మకు యాకోబు మీసాలు పెట్టాను, ఒకదానికి రాజేశం బొజ్జ.

అప్పుడు రాజేశం, యుద్ధభూమి కూడా మన బాయిలాగే ఉండాలన్నాడు. తాను పనిచేసే భాగం ఎలా ఉంటుందో కాగితం మీద గీసి ఇచ్చాడు. ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ కోసి, గోడలు, స్తంభాలు, వాటి మధ్య దారులు కట్టాను. పైన పల్చగా సున్నం పూసి, టీ జల్లెడలో వేసి జల్లించిన నిజం బొగ్గుపొడి చల్లాను. అగరుబత్తి పుల్లలు ఊతాలు. కప్పు ముక్కలు ముక్కలుగా తీసి పెట్టుకునేలా చేశాను. పాత తలుపు చెక్క మీద ఆ బాయి ఎంత బాగా కుదిరిందంటే, మా ఆవిడ దాన్ని చూసి ఇంట్లో అరిష్టమని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రాజేశానికి ఒక అలవాటు. బల్ల మీద కూడా, బొమ్మను కప్పు కిందికి పంపేముందు బ్రష్ వెనక కొనతో ఆ కప్పును తట్టేవాడు. బాయిలో కర్రతో అలాగే తడతారు. గట్టి బండ ఖంగుమంటుంది. పైన విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల చప్పుడు వింటే సర్దార్ ఇంకేమీ ఆలోచించడు, మనుషులను వెనక్కి లాగుతాడు. థర్మాకోల్ ఏం మోగుతుంది? ఎక్కడ తట్టినా మెత్తగా "టప్" అంటుంది. మేం నవ్వేవాళ్లం. నేను దాన్ని కూడా రూల్ చేశాను. కప్పు తట్టకుండా బొమ్మను పంపితే ఆ ఆటగాడికి ఒక వంతు పోతుంది. యాకోబు ప్రతిసారీ మరిచిపోయేవాడు, ప్రతిసారీ వంతు పోగొట్టుకునేవాడు.

వానాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం. అన్నాలు తిని ఆటకు కూర్చున్నాం. బయట పగటి వెలుతురు బాగానే ఉంది. రాజేశం వరసగా తట్టుకుంటూ పోతున్నాడు. టప్, టప్. చివరి మూలకు వచ్చాడు. బాయిలో అప్పట్లో వాళ్లు పనిచేస్తున్న చోటు అదే.

అక్కడ తట్టాడు. బండ మోగింది.

సరిగ్గా చెబుతున్నాను. థర్మాకోల్ చప్పుడు కాదు. చెక్క చప్పుడూ కాదు. లోపల ఖాళీ ఉన్న పెద్ద బండను ఇనుముతో కొడితే వచ్చే డొల్ల చప్పుడు. అది బల్ల మీద నుంచి కాక మా నెత్తి పైనుంచి వచ్చినట్టు అనిపించింది. రాజేశం ఎడమచేత్తో యాకోబు భుజం పట్టి రెండడుగులు వెనక్కి గుంజాడు. బాయిలో చేసినట్టే. తర్వాత తాను ఎక్కడున్నాడో గుర్తొచ్చి చెయ్యి వదిలేశాడు.

ఇద్దరూ నా మొహం చూశారు.

"పేంటర్ సాబ్, ఈసారి మంచిగనే చేసినవ్. ఏం పెట్టినవ్ లోపట, రేకు డబ్బానా?" అన్నాడు యాకోబు.

నేనేం పెట్టలేదంటే వాళ్లెందుకు నమ్ముతారు? కప్పు ముక్క తీసి చూపించాను. కింద ఏమీ లేదు. ముక్కను విరిచాను. తెల్లటి గుండ్లు రాలాయి, అంతే. అదే ఫ్రిజ్ డబ్బా థర్మాకోల్‌తో వాళ్ల కళ్ల ముందే కొత్త ముక్క కోశాను. చేతిలో పెట్టుకుని తడితే టప్. పక్క దారి మీద పెట్టి తడితే టప్. ఆ మూలలో పెట్టి తడితే మళ్లీ అదే బండ. నేను తట్టాను, యాకోబు తట్టాడు. ముగ్గురం విన్నాం. వంటింట్లో ఉన్న మా ఆవిడ, ఏం పగలగొడుతున్నారని అడిగింది. అంటే నాలుగో మనిషీ విన్నట్టే.

రాజేశం ఆ మూలలో ఉన్న బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటిగా బయటికి తీసి దూరంగా పెట్టాడు. తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకుపోయాడు.

"బావా, మా అక్క మీద ఒట్టేసి చెప్పు. నువ్వు చేసినవా?"

ఒట్టు వేశాను. కాని ఆ ఒట్టు అంతకుముందు చాలా కోతలకు వాడేసి ఉన్నాను. అతను నా మొహంలోకి కాసేపు చూసి, నువ్వు చేసిందే అయితే బాగుండు అని వెళ్లిపోయాడు.

అతని ఇబ్బంది నాకు తెలుసు. ఆ చప్పుడు బాయిలో వినిపిస్తే పని ఆపించే హక్కు అతనికుంది. బావ ఇంట్లో బొమ్మల బల్ల మీద వినిపించిందని పై అధికారికి ఏ నోటితో చెబుతాడు? చెప్పకపోతే, తెల్లవారి ఆ కప్పు కిందికి తన మనుషులతో తానే పోవాలి. పొద్దున డ్యూటీకి నాగా పెట్టమని మా ఆవిడతో ఫోన్ చేయించాను. తాను ఆగితే ఇంకో సర్దార్ పోతాడు, అతనికి ఏమీ తెలియదు కదా అక్కా అన్నాడట. డ్యూటీకి పోయాడు.

లోపల జరిగింది రాజేశం చెప్పిందే రాస్తున్నాను. నేను ఒక్క ముక్క కలపలేదు.

దారి పొడవునా కప్పు తట్టుకుంటూ పోయాడు. అంతటా ఖంగుమంది. ఆ మూలకు పోయి కర్ర ఎత్తి కొట్టాడు. బండ మోగలేదు. ఖంగుమనలేదు, డొల్లగానూ అనలేదు.

"మీ ఇంట్ల థర్మాకోల్ లెక్కనే, బావా. మెత్తగ 'టప్' అన్నది. గడ్డపార తీస్కొని బలంగ గుద్దిన. గదే. ముప్పై ఏండ్ల సంది తడుతున్న, బండ గట్ల మూగగ ఉండుడు ఎన్నడు చూడలే."

అందరినీ వెనక్కి రమ్మని కేక వేశాడు. వాళ్లు వచ్చారు. ఊతాలు చక్కగా ఉన్నాయి, ఒక్కటీ చిట్లలేదు. కప్పు పడేముందు కర్ర ఊతాలు కిరకిరమంటాయి, కట్టె మాట్లాడుతుందంటారు. ఆ రోజు ఒక్క కట్టె కూడా మాట్లాడలేదు. కాసేపటికి వాళ్లలో వాళ్లు గొణుక్కున్నారు. సర్దార్‌కు బావ గాలి సోకిందని ఎవరో అంటే నవ్వారు కూడా.

యాకోబు తన గడ్డపార అక్కడే మరిచి వచ్చాడు. తెచ్చుకుంటానని కదిలాడు. రాజేశం చెయ్యి పట్టుకోబోయాడు.

"ఏమైతది సర్దార్? తట్టకుంట పోతే ఒక వంతు పోతది, గంతే గదా" అన్నాడట నవ్వుకుంటూ.

రాజేశం అరిచేలోపు బండ దిగింది. యాకోబు ఒక్కడే దాని కింద ఉన్నాడు.

విచారణలో రాజేశాన్ని అడిగారు, మనుషులను ఎందుకు వెనక్కి రప్పించావని. డొల్ల చప్పుడు వచ్చింది సార్ అని చెప్పాడు. సరైన పని చేశావన్నారు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి అతను. తర్వాత నేను అడిగితే, నిజం చెబితే నీ బామ్మర్దినని నవ్వుతారు బావా అన్నాడు.

యాకోబును సమాధి చేసిన కొన్నాళ్లకు అతని భార్య మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. ఆయన మీసాలు పెట్టిన బొమ్మ ఒకటి ఉందటగా, ఇమ్మంది. ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ దీపం వెలుగుతదా అన్నా?" అని అడిగింది.

ఆవగింజ అమ్మా, రంగు వేశాను అన్నాను. ఇంకో రోజైతే వెలుగుతుందనే చెప్పేవాణ్ని, దాని వెనక ఒక కథ కూడా అల్లేవాణ్ని. ఆమె బొమ్మను కొంగులో ముడివేసుకుని పోయింది.

ఆ తర్వాత ఆదివారం రాజేశం వచ్చి, బల్ల మీద కప్పిన దుప్పటి తీసి, ఆ మూలలో తట్టాడు. టప్. ఎన్నిసార్లు తట్టినా టప్. అది వట్టి థర్మాకోల్. ముందూ అదే, ఇప్పుడూ అదే. మధ్యలో ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఏమైందో తెలియదు.

చదువుకున్నవాళ్లను అడిగాను. చెక్క బల్ల, వానాకాలం చెమ్మ, పక్కింట్లో ఏదో పడిన చప్పుడు అన్నారు. బల్ల మీది చప్పుడుకు ఏదో ఒకటి సరిపెట్టుకోవచ్చు. బాయిలో బండ మూగబోయిందే, దానికేం చెబుతారు? ఆ చప్పుడు ఇక్కడికి వచ్చి, ఇక్కడి మెత్తదనం అక్కడికి పోయిందా? ఇంత పెద్ద కోత నేను కూడా ఎన్నడూ కోయలేదు.

ఇప్పుడు మేం ఆట ఆడటం లేదు. పాచికలు ఎక్కడున్నాయో కూడా తెలియదు. రాజేశాన్ని బాయిలో ఇంకో భాగానికి వేశారు. వేసిన వారమే అతను కాగితం మీద ఆ భాగం గీసి తెచ్చాడు. నేనేమీ అడగలేదు. పాతది కూల్చి, కొత్తది కట్టాను. పని ముందుకు జరిగినప్పుడల్లా బల్ల మీద కూడా జరుపుతాను.

ప్రతి ఆదివారం వస్తాడు. వాకిట్లో చెప్పులు విడుస్తాడు. బ్రష్ తిరగేసి పట్టుకుని ఒక్కో కప్పూ తట్టుకుంటూ పోతాడు. పోయిన నెల నుంచి అతనితో పాటు ఇంకో సర్దార్ కూడా వస్తున్నాడు. చేతిలో కాగితం. తన భాగం కూడా కట్టి పెట్టమని, ఎవరికీ చెప్పవద్దని అడిగాడు. చెబితే మాత్రం నమ్మేదెవరు?

నేను బల్ల పక్కన నిలబడి వింటాను. నమ్మకం లేదు, అయినా వింటాను. చివరి మూల కూడా టప్ అనేదాకా మా ఆవిడ టీ పొయ్యి మీద పెట్టదు.