కాక వంతు వచ్చిన రోజు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నెరిసిన మీసమైనా ఉండాలని మా ఆవిడ అంటుంది. నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు, మీసం నల్లగానే ఉంది (రంగు కాదు, అడగకండి). అయినా కరోనా కాలం గురించి చెప్పబోతే ఆ మాటే నోటికి వస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుని, పక్కవాడు దగ్గితే గోడకు అతుక్కుపోయిన ఆ రోజులు ఇప్పుడు ఇంకెవరికో జరిగినట్టు అనిపిస్తాయి. అప్పట్లో నేను షార్జా దగ్గర సజ్జాలో, అల్యూమినియం కిటికీలు చేసే ఒక కంపెనీలో టైమ్‌కీపర్‌ని. డిగ్రీ పాసై దుబాయ్ వచ్చినవాణ్ణి కాబట్టి క్యాంపులో అందరూ నన్ను 'డిగ్రీ' అని పిలిచేవాళ్ళు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. పనికి ఎవరు ఎప్పుడు వచ్చారో చూడటం నా ఉద్యోగం. కంపెనీ మూసేసి, క్యాంపు గేటుకు తాళం వేశాక ఆ ఉద్యోగానికి ఏం విలువ ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా గదిలో ఎనిమిదిమందిమి, అందరమూ జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళమే. వయసులో పెద్దాయనను అందరం కాక, అంటే చిన్నాన్న, అని పిలిచేవాళ్ళం. నాకు వరసకు ఏమీ కాడు, గది మొత్తానికీ కాక, అంతే. ఇరవై ఏళ్ళుగా గల్ఫ్ క్యాంపుల్లో ఉన్న మనిషి. ఆయన నడిపిన గదిలో ఒకే ఒక్క చట్టం ఉండేది, దాని పేరు వంతు. వంట ఆ రోజు వంతు ఎవరిదైతే వాడే చెయ్యాలి. నీళ్ళ డబ్బాలు మోయడం, బాత్రూమ్ కడగడం, గ్యాస్ తేవడం, చెత్త పారేయడం అన్నీ వాడే. మిగతా ఏడుగురూ ఆ రోజు రాజులు. రోజూ పొద్దున సెక్యూరిటీవాడు తలుపు దగ్గరకు జ్వరం చూసే తుపాకీ పట్టుకుని వచ్చినప్పుడు కూడా వంతువాడే వెళ్ళి, ఎనిమిదిసార్లు తన నుదురే చూపించి వచ్చేవాడు. ఆ సెక్యూరిటీవాడికీ అదే సుఖంగా ఉండేది. మా గదిలో ఎనిమిదిమందికీ ఒకే జ్వరమో, ఒకే చల్లదనమో ఎట్లా ఉంటుందని ఎవరూ అడగలేదు. ఒకసారి నేను అడగబోతే కాక ఒక్క మాటతో నా నోరు మూయించాడు. "నీకు పొద్దుగాల్ల నిద్ర ముద్దా, నుదురు చూపిచ్చుడు ముద్దా?" నిద్రే ముద్దని ఒప్పుకున్నాను.

జీతాలు ఆగిపోయాయి. ముదీర్‌కు, అంటే మా మేనేజర్‌కు ఫోన్ చేస్తే మోగేది, ఎత్తేవాడు కాదు. బియ్యం డ్రమ్ములో గరిటె వేస్తే అడుగు చప్పుడు వినిపించే రోజు వచ్చింది. ఉన్న కాస్త పప్పును పలచగా, ఇంకా పలచగా కాచుకుంటూ వచ్చాం. అప్పుడే షార్జాలోని మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి క్యాంపుకు బియ్యం, పప్పు, నూనె, ఉల్లిగడ్డలు తెస్తున్నదని కబురు వచ్చింది. గదిలో పండగ వాతావరణం. కాక అయితే గిన్నెలన్నీ మళ్ళీ తోమించాడు.

ఆ సంఘం పెద్దను మేం అత్తరు సార్ అనేవాళ్ళం. కోనసీమ మనిషి, షార్జాలో సెంట్ల దుకాణం. ఆయన కారు దిగితే మాస్కులు దాటుకుని మరీ వాసన వచ్చేది. మంచివాడే, చేతికి ఎముక లేని మనిషి. కానీ ఏదో క్యాంపులో మత్తు గోలీలు అమ్ముతున్నారని ఆయన చెవిన పడింది. ఏదో దేశంలో సర్కారు సాయం తీసుకునేవాళ్ళకు ముందు మత్తు పరీక్ష చేస్తారని కూడా ఎక్కడో చదివాడు. ఆ రెండూ కలిసి ఆయన బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. సంచి కావాలంటే ముందు చిన్న కప్పులో మూత్రం ఇవ్వాలి. రంగు పట్టీ ముంచి చూస్తారు. శుభ్రంగా ఉన్నవాడికి సంచి. లేనివాడికి లేదు.

ఆ కబురు విన్న రాత్రి గదిలో నేను చేసిన ప్రసంగం ఎన్నికల్లో చేసి ఉంటే కనీసం వార్డు మెంబరునైనా అయ్యేవాణ్ణి. ఆకలి తీర్చడానికి వచ్చి పరీక్ష పెట్టడం ఏమిటన్నాను. ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టేముందు నోటి వాసన చూస్తామా అన్నాను. ఆరుగురు తలలూపారు. కాక మాత్రం దుప్పటి తలదాకా కప్పుకుని లోపలినుంచే అన్నాడు. "ఇచ్చెటోడు అడుగుతడు. మనకు బియ్యం గావాలె. కప్పుల పోస్తె మన సొమ్మేం బోతది?" ఆయన దుప్పటి ఎందుకు కప్పుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే నేను గది నుంచి బయటపడి, సార్ కారు కోసం గేటు లోపల కాపు కాశాను. ఆయనను పట్టుకుని న్యాయం మాట్లాడి, పరీక్ష రద్దు చేయించి, సంచులతో తిరిగి రావాలని నా పథకం (ఆ వయసులో నా పథకాలన్నీ నేను గెలిచాక అందరూ చప్పట్లు కొట్టడంతో ముగిసేవి). సార్ వచ్చాడు, వెనకే సంచుల లారీ. ఆయనతోపాటు ఒక మగ నర్సు. కడపవాడు, భాయ్. క్యాంపులో జ్వరాలకు సూదులు వేసేవాడు కాబట్టి ఆయన పేరు సూది భాయ్. భాయ్ గదికొక అట్టపెట్టె చొప్పున, పేర్లు అతికించిన కప్పులు పంచుతూ వెళ్ళిపోయాడు. నేను సార్ ముందు నిలబడ్డాను.

"సార్, ఒక్కమాట. మాలో ఎవడన్న నిజంగనే తాగెటోడు ఉన్నడే అనుకోండ్రి. వానికి ఆకలి గాదా?"

సార్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఎండలో కళ్ళు చికిలించి, నెమ్మదిగా అన్నాడు. "చూడు బాబూ, మా తమ్ముడికి నేను పదేళ్ళు పంపించాను. ఇంటి ఖర్చులకని పంపితే అదంతా గంజాయికే తగలేశాడు. వాడిప్పుడు లేడు. నేను అడగకుండా పంపబట్టే పోయాడు. అందుకే అడుగుతున్నాను. నీకు తప్పుగా కనిపిస్తే కనిపించనీ."

రాత్రంతా తయారుచేసుకున్న వాదంలో తమ్ముడు ఎక్కడా లేడు. అయినా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఆయన దుఃఖం నిజమైనదే, కానీ దానికి మమ్మల్ని క్యూలో నిలబెట్టడం న్యాయం కాదని నా మనసుకు గట్టిగా అనిపించింది. ఆయన సంచుల లెక్క చూసుకునేదాకా ఆగి, అదే మాట చెప్పబోతుంటే సూది భాయ్ మా గది పెట్టె పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"సార్, ఈ రూము చూడండి. ఎనిమిది కప్పులు, ఎనిమిదీ ఒకే మాదిరి ఉండాయి. అన్నిట్లో పట్టీ మత్తు చూపిచ్చింది. ఇంతమందికి ఇట్ల ఒకే తూరి రావడం నేను యాడా చూళ్ళేదు."

అందులో నా పేరు అతికించిన కప్పు కూడా ఉంది. నేను పొద్దుటి నుంచి గేటు దగ్గరే ఉన్నాను. అసలు బాత్రూమ్ వైపే వెళ్ళలేదు. సార్ నా మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంతసేపూ న్యాయం చెప్పిన నోరు ఎవరిదో ఇప్పుడు తెలిసిందన్నట్టు ఉంది ఆ చూపు. ఈ గదికి బియ్యం లేవన్నాడు. అంతటితో ఆగలేదు, ముదీర్‌కు చెప్పక తప్పదన్నాడు. ఈ దేశంలో ఆ మాట పైకి పోతే ఏమవుతుందో క్యాంపులో అందరికీ తెలుసు. జైలు, ఆ తర్వాత మళ్ళీ రాకుండా ఇంటికి టికెట్టు. గదివైపు పరుగెత్తాను.

గదిలో ఏడుగురూ తాపీగా కూర్చుని ఉన్నారు. కప్పులు ఎవరు నింపారని అడిగాను. అందరూ కాకవైపు చూశారు.

"నేనే నింపిన," అన్నాడు కాక. "ఇయ్యాల నా వంతు గద."

"ఎనిమిదీ నువ్వే నింపినవా కాకా?"

"మల్ల? పొద్దుగాల రెండు చెంబుల నీళ్ళు తాగి కూసున్న. నీ కప్పు సుత నింపిన, నువ్వు లేవని ఇడిసిపెట్టలే."

ఆయన గొంతులో నా మీద కాస్త కోపం కూడా ఉంది, తన వంతు పని ఇంత నీటుగా చేస్తే మెచ్చుకోకుండా నిలదీస్తున్నానని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాకా, నీకు మత్తు ఎక్కడిదని అడిగితే ముందు తలుపు వెయ్యమన్నాడు. వేశాక దిండు కింద నుంచి గోలీల అట్ట తీశాడు. రెండు రోజులుగా సర్ది. ముక్కు కారుతుంటే దుప్పటి కప్పుకుని దాచాడు. తెలిస్తే క్వారంటైన్‌కు తీసుకుపోతారని, అక్కడికి పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదని భయం. ఇంటి నుంచి తెచ్చుకున్న సర్ది గోలీలే మింగుతూ గడిపాడు. నేను ఆ అట్ట పట్టుకుని, కాకను చెయ్యి పట్టి లాక్కుని, సార్ ముందుకు తీసుకుపోయి జరిగింది చెప్పాను.

సూది భాయ్ అట్ట మీద పేరు చదివి తల గోక్కున్నాడు. "ఈ గోలీ తిన్నా పట్టీ మత్తు చూపిస్తాది సార్. సర్దికి మందే ఇది."

సార్ నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆయన తప్పూ లేదు. ఎనిమిదిమంది తరఫున ఒకడే కప్పులు నింపాడంటే క్యాంపులో ఉండనివాడు ఎవడు నమ్ముతాడు? "సరే, అందరూ మళ్ళీ ఇవ్వండి," అన్నాడు. "ఈసారి ఒక్కొక్కరు. ఎదురుగా మనిషి నిలబడి చూస్తాడు." ఎండలో సంచుల కోసం వరసలో ఉన్నవాళ్ళందరూ అది విన్నారు. తల నెరిసిన మనుషులు నేలచూపులు చూశారు. కాక, ఆ కాక, లుంగీ సర్దుకుంటూ ముందుకు నడిచాడు.

నాకు అప్పుడు వచ్చిన కోపం మళ్ళీ జీవితంలో ఎప్పుడూ రాలేదు. కాక భుజం పట్టుకుని ఆపాను. "ఇస్తం సార్. అందరం ఇస్తం. ముందుగాల మీరు ఇయ్యిండ్రి."

"నేనా? నేనెందుకివ్వాలోయ్?"

"ఊకెనే. గింత చిన్న పనే గద సార్."

వరసలో ఎవరో దగ్గారు (అది కరోనా దగ్గు కాదు, నవ్వు ఆపుకున్న దగ్గు). సార్ పంతం మనిషి. నాకేం సిగ్గా అని ఒక కప్పు అందుకుని, యార్డు మూలనున్న ప్లాస్టిక్ టాయిలెట్ డబ్బాలోకి పోయాడు. చూసే మనిషి ఉండాలి కాబట్టి సూది భాయ్ తలుపు సగం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. మేమందరం ఎండలో ఎదురుచూశాం. ఎంతకీ చప్పుడు లేదు. లోపలి నుంచి నీళ్ళ సీసా అడిగాడు, ఇచ్చాం. ఇంకొకటి అడిగాడు, ఇచ్చాం. మజ్జిగ పనిచేస్తుందని ఎవరో లబన్ ప్యాకెట్ పంపారు. వరసలోంచి సలహాలు మొదలయ్యాయి. కళ్ళు మూసుకోండి సార్ అని ఒకరు, ఊరును తలుచుకోండి సార్ అని ఇంకొకరు. మా కాకకైతే మనసు ఆగలేదు. పక్కనున్న కొళాయి తిప్పి, డబ్బా వైపు నోరు పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినంత ప్రేమగా అన్నాడు. "నీళ్ళ సప్పుడు ఇనుండ్రి సారూ. ఆగమాగం గాకుండ్రి. మెల్లగ అదే అస్తది."

అందులో వెక్కిరింత లేదు. కాకకు వెక్కిరించడం చేతకాదు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు కూడా. కొళాయి అట్లాగే పారింది. తర్వాత తలుపు పూర్తిగా తెరుచుకుంది. సార్ చొక్కా తడిసిపోయి, సెంటు వాసన చెమటలో కలిసిపోయి ఉంది. చేతిలో కప్పు ఖాళీగా ఉంది. ఎవరి మొహంలోకీ చూడకుండా దాన్ని చెత్తలో పడేశాడు.

"ఖలాస్. దింపండి సంచులు," అన్నాడు. "అందరికీ. ఆ గదికి కూడా."

ఆ తర్వాత పరీక్ష ఎవరూ చేయలేదు, ముదీర్‌కు ఎవరూ చెప్పలేదు. మా గది శుభ్రమైనదని రుజువు కూడా కాలేదు. కాక సర్ది మామూలు సర్దేనని ముక్కులో పుల్ల పెట్టి చూశాక తేలింది. ఆ మధ్యాహ్నం అన్నం వండింది ఆయనే. వంతు మార్చుకుందాం, పడుకో కాకా అంటే ఒప్పుకోలేదు. ముక్కు చీదుతూనే గంజి వార్చాడు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఆ వేడన్నం మేం తిన్న తీరు చూసి ఉంటే సార్ ఇంకో లారీ పంపేవాడు.

ఇప్పుడు నేను అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటున్నాను. ఆఫీసు ఉద్యోగం, పెళ్ళి, కిస్తీల కారు. ఆ సంఘంలో నేనూ సభ్యుణ్ణే. ఉద్యోగాలు పోయినవాళ్ళకు, వీసా చిక్కుల్లో పడ్డవాళ్ళకు సరుకులు పంచే రోజున సార్ షార్జా నుంచి వచ్చేస్తాడు. మొన్న ఒకసారి సంచులు దింపుతూ ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను. "సార్, ఆ రోజు మీ మనసు ఎట్ల మారింది?" నా వాదన వల్లేనని ఆయన నోటితో వినాలని నాకు ఆశ.

"మారిందని నీకెవరు చెప్పారోయ్?" అన్నాడు సార్. "రాలేదు, అంతే. అంతమంది బయట నిలబడి వింటుంటే నీకు మాత్రం వస్తుందా? ఇప్పటికీ అడగాలనే అంటాను నేను. మా తమ్ముడి విషయంలో అడిగుంటే బాగుండేది."

"మరి మల్లెన్నడు అడుగలేదేంది సార్?"

సార్ సంచి కొస పట్టుకున్నాడు. "ఇంకో మనిషిని ఆ డబ్బాలోకి పంపించడానికి నోరు రావడం లేదు," అన్నాడు.

సజ్జాలో 'డిగ్రీ' అని పిలిపించుకున్న ఆ కుర్రాడైతే ఇక్కడ ఆగేవాడు కాదు. చూశారా, అంటే మీ మనసు మారినట్టే కదా అని, ఆయన అవునని ఒప్పుకునేదాకా ఎండలో నిలబెట్టేవాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. అంత కోపం, అంత నమ్మకం ఇప్పుడు నా దగ్గర లేవు. ఎదురుగా ఒకాయన చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఎక్కడివాడో, ఏం తాగుతాడో, ఏం మింగుతాడో మాకిద్దరికీ తెలియదు. సార్ ఒక కొస, నేనొక కొస పట్టుకుని సంచి ఆయన భుజానికి ఎత్తాం.