అమ్మ పేరు అచ్చు

విదేశంలో, మేముండే శాండ్రింగ్‌హామ్ ఊరి గోడల మీద రంగులు స్ప్రే చేసే వరంగల్ చిత్రకారుడొకడు, నాలుగు వీడియోలు చూసి జపాన్ పద్ధతిలో చెక్క అచ్చులు వేయడం మొదలుపెట్టాడు. నేను ఏ తప్పు చూపినా "అది నా స్టైల్ అంకుల్" అనేవాడు. అచ్చు కోసం అక్షరాలను తిరగేసి చెక్కాలని లైబ్రరీ పుస్తకంలో చదివి ముందే చెప్పాను. నా మాట వింటే కళాకారుడెలా అవుతాడు? అక్షరాలు కత్తిరించిన అట్ట మీంచి రంగు కొట్టే స్టెన్సిల్ అలవాటుతో వాళ్ళమ్మ పేరును తెలుగులో నేరుగా చెక్కాడు. ప్రదర్శనలో అది అద్దంలో చూసినట్టు తిరగబడి వేలాడింది. వచ్చిన తెలుగు రానివాళ్ళు మెచ్చుకుంటుంటే జపాన్ గురువులా వంగి దండాలు పెట్టాడు. ఆ ఊపులోనే అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాడు. ఆమె చదవగలిగిన మాట తన పేరు ఒక్కటే.

"మంచిగుంది బిడ్డా. ఏం రాసినవ్?"

మన కళాకారుడు ఫోన్‌ను అచ్చు మీంచి తన ముఖం వైపు తిప్పుకున్నాడు.

"రాత కాదమ్మా, పూల తీగ" అన్నాడు.